సిగ్గుతో దాచుకునే గడ్డ

 

ఈ నెల మన శీర్షికలో ప్రస్తావించబోయే విషయం ఇంటిల్లిపాదీ చదువుకునే పత్రికల్లో అంతగా కనబడేది కాదు. పురుషుల వృషణాల పక్కన అరుదుగా ఏర్పడే, ప్రాణాపాయం లేని కణితులను గురించి, వైద్యులు వాటిని ఏ క్రమంలో గుర్తిస్తారన్న దానిని గురించి వ్రాయదలచాను. ఇలాంటి విషయం ఇక్కడ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ భాగంలో గడ్డ చేతికి తగిలిన మనిషి దానిని నెలల తరబడి దాచుకుంటాడు. తండ్రికి చెప్పడు, అన్నకు చెప్పడు, చివరకు కట్టుకున్న భార్యకు కూడా చెప్పడు. కారణం అడిగితే హయా అంటాడు. హయా విశ్వాసంలో భాగమేనని మదరసాలో పసిపిల్లలకు కూడా బోధిస్తాం. అయితే మన పెద్దలు హయాను ఎలా పాటించారో కూడా తెలుసుకోవాలి కదా!

హజ్రత్ అలీ (రజి)కి సంబంధించిన ఒక ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆయనకు తరచుగా ఎదురయ్యే ఒక శారీరక స్థితి వల్ల స్నానం తప్పనిసరి అవుతుందా, వుజూ సరిపోతుందా అన్న సందేహం కలిగింది. దైవప్రవక్త (స)ను అడిగితే జవాబు దొరుకుతుంది. కానీ ఆయన ప్రవక్త (స)కు స్వయాన అల్లుడు. మామగారిని ఇలాంటి ప్రశ్న ఎలా అడగడం? సిగ్గుపడ్డారు. అయితే సిగ్గుపడి ప్రశ్నను మనసులోనే అణచుకోలేదు. హజ్రత్ మిఖ్దాద్ (రజి)ను పిలిచి, తన తరఫున అడిగి రమ్మన్నారు. జవాబు లభించింది. ఆ జవాబు నేటికీ మనకు ధర్మశాస్త్రంలో ఆధారంగా నిలిచి ఉంది.

ఈ ఉదంతాన్ని విద్యార్థులకు బోధించేటప్పుడు నేను ఒక విషయాన్ని ప్రత్యేకంగా చెబుతాను. ఎవరి ద్వారా అడగాలన్నది హజ్రత్ అలీ (రజి) తమ సిగ్గును బట్టి నిర్ణయించుకున్నారు. అడగాలా వద్దా అన్న నిర్ణయాన్ని మాత్రం సిగ్గుకు వదలలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ తేడాలోనే ఉంది.

శరీర నిర్మాణం తెలిస్తే సగం భయం తగ్గుతుంది

వృషణం ఒక తిత్తిలో వేలాడే చిన్న గుడ్డు వంటిది. పెద్దవారిలో దాని పొడవు సుమారు 4 నుండి 5 సెంటీమీటర్లు. దాని వెనుక భాగాన్ని అంటిపెట్టుకుని మెత్తని పేగు వంటి నిర్మాణం ఒకటి ఉంటుంది. దాని పేరు ఎపిడిడైమిస్. అది చుట్టలు చుట్టుకుని ఉన్న సన్నని నాళం. విప్పి చాపితే దాదాపు 6 మీటర్లు ఉంటుంది. వీర్యకణాలు పరిపక్వం చెందేది అందులోనే. అక్కడి నుండి రక్తనాళాలు, శుక్రవాహిక కలిసిన ఒక తాడు వంటిది గజ్జల వరకు సాగుతుంది. వృషణాన్ని కప్పి ఉంచే పలుచని పొరలు కూడా ఉన్నాయి.

గడ్డ ఈ నిర్మాణాలలో దేనిలోనైనా పుట్టవచ్చు. వైద్యుడు మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: గడ్డ వృషణం లోపల ఉందా, వెలుపల ఉందా? పెద్దవారిలో వృషణం లోపల పుట్టే గట్టి గడ్డ చాలావరకు క్యాన్సరే అయ్యే అవకాశం ఉంది. వెలుపల పుట్టే గడ్డలలో అత్యధిక భాగం ప్రమాదం లేనివి. ఒక అంగుళం అటా, ఇటా అన్నదానిపై ఇంత తేడా ఉంది. ఈ తేడాను తన చేతి స్పర్శతో, తన ఊహతో తేల్చుకోగల మనిషి లేడు. గడ్డ తగలగానే క్యాన్సరేనని వణికిపోవడం తొందరపాటు. నొప్పి లేదు కనుక ఏమీ లేదనుకోవడం అంతకంటే పెద్ద తొందరపాటు. ఎందుకంటే వృషణ క్యాన్సర్ కూడా తొలిదశలో సాధారణంగా నొప్పి లేకుండానే ఉంటుంది. అది ముఖ్యంగా 15 నుండి 40 ఏళ్ల మధ్యవారికి వస్తుంది. సకాలంలో గుర్తిస్తే అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు.

ఒక యువకుని ఉదంతం

నాకు తెలిసిన ఒక యువకుని విషయం అతని అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసివేసి చెబుతున్నాను. వయసు 31. పెళ్లయి రెండేళ్లు, ఇంకా సంతానం లేదు. ఒక శుక్రవారం జుమా స్నానం చేస్తుండగా వృషణం అడుగున శనగ గింజంత గట్టి గడ్డ చేతికి తగిలింది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. అతని మనసులో రెండు భయాలు. మొదటిది, తాను తండ్రిని కాలేనేమోనని. రెండవది, యౌవనంలో చేసిన ఏదో తప్పుకు ఇది శిక్ష అని. ఊళ్లోని ఆర్‌ఎంపీ వద్దకు వెళ్లి, చూపించకుండానే నోటితో చెప్పి, మూడు విడతలు మాత్రలు వాడాడు. గడ్డ తగ్గలేదు, పెరగలేదు. చివరకు తన మిత్రుణ్ణి నా దగ్గరికి పంపి, ఆ భాగాన్ని వైద్యునికి చూపించడం ధర్మసమ్మతమేనా అని అడిగించాడు.

ఆ ప్రశ్నకు జవాబు కిందట వివరిస్తాను. అతను పట్నం వెళ్లి స్కానింగ్ చేయించుకున్నాడు. మొదట చూసిన సర్జన్ వృషణాన్ని తీసివేయాలన్నాడు. ఇంట్లో కన్నీళ్లు. రెండవ అభిప్రాయం కోసం యూరాలజిస్టును, అంటే మూత్ర, జననాంగ వ్యాధుల శస్త్రవైద్యుణ్ణి సంప్రదించారు. ఆయన స్కానింగ్ చిత్రాలను మళ్లీ పరిశీలించి, గడ్డ వృషణంలో కాదు, ఎపిడిడైమిస్ తోకభాగంలో ఉన్నట్లుందని చెప్పి, మిగిలిన పరీక్షలు క్రమంగా చేయించారు. చివరకు గడ్డను మాత్రమే తీశారు. వృషణం పదిలంగా ఉంది. గడ్డ పేరు అడెనోమటాయిడ్ కణితి.

ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకు జవాబు

ఆ యువకుడు నడిచిన దారినే మెట్టు మెట్టుగా చూద్దాం. ఏ పరీక్ష ఎందుకో తెలిస్తే రోగికి ధైర్యం, ఇంటివారికి స్పష్టత కలుగుతాయి.

మొదటి మెట్టు వైద్యుని చేయి. గడ్డను వృషణం నుండి విడిగా పట్టుకోగలరా, గడ్డకు పై అంచు వేళ్లకు అందుతుందా లేక అది గజ్జల్లోకి సాగిపోయిందా అని చూస్తారు. గజ్జల్లోకి సాగితే హెర్నియా కావచ్చు. తరువాత గదిలో వెలుతురు తగ్గించి వాపు వెనుక టార్చిలైటు పెడతారు. లోపల నీరుంటే వెలుతురు ఇవతలికి ఎర్రగా ప్రసరిస్తుంది. గట్టి కణితి అయితే ప్రసరించదు. మన కోస్తా జిల్లాల్లోను, తెలంగాణలోని కొన్ని జిల్లాల్లోను బోదవ్యాధి చిరకాలంగా ఉంది. క్యూలెక్స్ దోమ ద్వారా వ్యాపించే ఆ వ్యాధి వల్ల తిత్తిలో నీరు చేరడం ఎక్కువ. అందుచేత ఆ ప్రాంతంలో ఏ వాపు కనబడినా బుడ్డ అనో, వరిబీజం అనో పేరు పెట్టి ఊరుకోవడం అలవాటైపోయింది. నీటి వాపు వెనుక గట్టి గడ్డ దాగి ఉండవచ్చు కనుక వెలుతురు పరీక్షతోనే ఆగకూడదు.

రెండవ మెట్టు అల్ట్రాసౌండ్ స్కానింగ్. ఇందులో రేడియేషన్ లేదు, నొప్పి లేదు, ఖర్చు కూడా తక్కువ. గడ్డ నీటిదా గట్టిదా, వృషణం లోపలిదా వెలుపలిదా అన్న రెండు ప్రశ్నలకు ఇంతకంటే నమ్మకమైన తొలి పరీక్ష లేదు. డాప్లర్ అనే భాగంతో గడ్డలోకి రక్తప్రసారం ఎంత ఉందో కూడా తెలుస్తుంది. అయితే గట్టి గడ్డ పేరేమిటో స్కానింగ్ ఖచ్చితంగా చెప్పలేదు. చాలా రకాల కణితులు తెరమీద ఒకేలా కనిపిస్తాయి.

మూడవ మెట్టు రక్తపరీక్ష. ఆల్ఫా ఫీటోప్రోటీన్, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే మూడింటిని చూస్తారు. వృషణ క్యాన్సర్లలో చాలావాటిలో ఇవి పెరుగుతాయి. మనం చెప్పుకుంటున్న నిరపాయకరమైన కణితులలో పెరగవు. కానీ ఇవి మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని తీర్మానించడానికి వీల్లేదు. కొన్ని క్యాన్సర్లు రక్తంలో జాడ చూపకుండానే పెరుగుతాయి.

మన దేశంలో ఈ దశలోనే మరొక వ్యాధిని కూడా గుర్తుంచుకోవాలి. అది క్షయ. ఎపిడిడైమిస్‌కు క్షయ సోకితే అది గట్టిపడి గడ్డలా తగులుతుంది. శుక్రవాహిక పూసల దండలా అనిపించవచ్చు. మూత్రపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే వంటివి ఇక్కడ ఉపకరిస్తాయి. అది క్షయే అని తేలితే చాలావరకు కత్తితో పని లేదు, మందులతో నయమవుతుంది. గతంలో క్షయ వచ్చినట్లయితే, ఇంట్లో ఎవరికైనా ఉన్నట్లయితే రోగి ఆ సంగతి తప్పక చెప్పాలి.

నాలుగవ మెట్టు, స్కానింగ్‌తో సందేహం తీరనప్పుడు, ఎమ్మారై. గడ్డ కొవ్వుతో ఏర్పడినదా, పీచు కణజాలంతో ఏర్పడినదా, వృషణపు పొరను దాటి లోపలికి వెళ్లిందా అన్న విషయాలు ఇందులో మరింత స్పష్టమవుతాయి.

చివరి మెట్టు శస్త్రచికిత్స, సూక్ష్మదర్శిని. కణితి పేరు నిశ్చయంగా చెప్పేది ఇదే. ఇక్కడ ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు తిత్తి మీద నేరుగా కోత పెట్టరు, తిత్తి గుండా సూది గుచ్చి ముక్క తీయరు. గజ్జల వద్ద కోత పెట్టి వృషణాన్ని పైకి తెచ్చి చూస్తారు. వృషణం నుండి వచ్చే శోషరసం కడుపు వెనుక భాగంలోని గ్రంథులకు చేరుతుంది. తిత్తి చర్మం నుండి వచ్చేది గజ్జల గ్రంథులకు చేరుతుంది. తిత్తిని కోస్తే వ్యాధికి కొత్త దారి తెరిచినట్లవుతుంది. పైకి తెచ్చిన తరువాత గడ్డలోని ముక్కను అక్కడికక్కడే గడ్డకట్టించి, పలుచగా కోసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. దీనిని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. సుమారు అరగంటలో ఫలితం వస్తుంది. ప్రమాదం లేనిదని తేలితే గడ్డను మాత్రమే తీసి వృషణాన్ని తిరిగి యథాస్థానంలో ఉంచుతారు. ఆ యువకునికి జరిగింది ఇదే. ఆ తరువాత వచ్చే పూర్తి బయాప్సీ నివేదికే తుది మాట.

గడ్డలలో రకాలు

వృషణం వెలుపలి కణితులలో ఎక్కువగా కనిపించేది తాడు భాగంలో వచ్చే కొవ్వు గడ్డ. దీనిని లైపోమా అంటారు. మెత్తగా ఉంటుంది.

ఎపిడిడైమిస్‌లో పుట్టే కణితులలో మొదటి స్థానం అడెనోమటాయిడ్ కణితిది. 1945లో గోల్డెన్, ఆష్ అనే ఇద్దరు వైద్యులు దీనికి ఈ పేరు పెట్టారు. సాధారణంగా 20 నుండి 50 ఏళ్ల మధ్యవారిలో, ఎక్కువగా ఎపిడిడైమిస్ కింది కొసలో, 2 సెంటీమీటర్ల లోపు గుండ్రని గట్టి గడ్డగా తగులుతుంది. నెమ్మదిగా పెరుగుతుంది. ఇతర అవయవాలకు పాకదు. పూర్తిగా తీసివేస్తే సమస్య తీరినట్లే. స్త్రీలకు గర్భసంచిలోను ఇదే కణితి రావచ్చు. చిక్కు ఎక్కడంటే, ఇది ఒక్కోసారి వృషణపు పొరలో పుట్టి లోపలి వైపుకు పెరుగుతుంది. అప్పుడు స్కానింగ్‌లో వృషణ క్యాన్సర్‌లాగే కనబడుతుంది. అవసరం లేకుండా వృషణం పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది ఇక్కడే.

కండర కణాలతో ఏర్పడే లియోమయోమా మరొకటి. దెబ్బ తగిలిన తరువాత, లేదా ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన తరువాత పీచు కణజాలం ముద్దకట్టి గడ్డలా కనిపించడం కూడా ఉంది. అది అసలు కణితే కాదు, మాయని గాయపు గుర్తు వంటిది.

పాపిలరీ సిస్టడెనోమా అనేది బహు అరుదు. కానీ రెండు వైపులా వచ్చినట్లయితే దానిని చిన్న విషయంగా తీసుకోరాదు. వాన్ హిప్పెల్ లిండావ్ అనే వంశపారంపర్య వ్యాధికి అది సూచన కావచ్చు. ఆ వ్యాధిలో కన్ను, మెదడు, మూత్రపిండాలలో కూడా కణితులు వస్తాయి. అప్పుడు పరీక్ష ఒక్క రోగితో ఆగదు. తోబుట్టువులకు, పిల్లలకు కూడా చేయించాలి. దాచుకోవడం వల్ల కలిగే నష్టం ఒక్కోసారి దాచుకున్నవాడితోనే ఆగదనడానికి ఇది నిదర్శనం.

వెలుపలి గడ్డలన్నీ నిరపాయకరమని కూడా అనుకోరాదు. పిల్లల్లోను, యుక్తవయసు వారిలోను రాబ్డోమయోసార్కోమా, పెద్దవయసు వారిలో లైపోసార్కోమా అనే ప్రమాదకరమైన కణితులు ఇక్కడే పుట్టవచ్చు. వేగంగా పెరిగే గడ్డ ఏ వయసులోనైనా వెంటనే చూపించవలసినదే.

సంతానం విషయంలో భయపడేవారికి ఒక మాట. ఎపిడిడైమిస్‌లోని గడ్డను తీసేటప్పుడు ఆ వైపు నాళం దెబ్బతినవచ్చు. కానీ రెండవ వైపు ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా సంతానానికి ఆటంకం ఉండదు. మగతనానికి దీనితో సంబంధం లేదు. గడ్డ చిన్నదై, అన్ని పరీక్షలూ నిరపాయమనే సూచిస్తే కొందరిలో వైద్యులు శస్త్రచికిత్స లేకుండా, స్కానింగ్‌తో కొన్నాళ్లపాటు గమనిస్తారు కూడా. ఆ నిర్ణయం వైద్యునిది.

సతర్ విషయంలో ధర్మశాస్త్రం ఏమంటుంది?

ఇక ఆ యువకుడు అడిగించిన ప్రశ్నకు వద్దాం. ఇతరుల ముందు సతర్ కాపాడుకోవడం విధి. ఇందులో సందేహం లేదు. అయితే ఫిఖహ్ పండితులు ఏకగ్రీవంగా అంగీకరించిన రెండు సూత్రాలున్నాయి. గత్యంతరం లేని అవసరం నిషిద్ధమైన దానిని అనుమతిస్తుందన్నది మొదటిది. ఆ అనుమతి అవసరం ఉన్నంత మేరకే అన్నది రెండవది. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో రూపొందిన మజల్లా న్యాయస్మృతిలో ఈ రెంటినీ ఒకదాని వెంట ఒకటిగా 21, 22 అధికరణాలలో పొందుపరిచారు.

దీనిని ఆచరణలో ఇలా అర్థం చేసుకోవాలి. వ్యాధి నిర్ధారణకు చూడక తప్పని భాగాన్ని వైద్యునికి చూపించడంలో పాపం లేదు. పురుష వైద్యుడు లభిస్తే పురుష వైద్యుని వద్దకే వెళ్లాలి. తెర వేయమని, అవసరం లేనివారిని గది బయట ఉంచమని మర్యాదగా అడగవచ్చు. మంచి వైద్యులు అలా అడగకముందే చేస్తారు. స్కానింగ్ గదిలో కూడా ఇదే నియమం. వైద్యునికి చూపించకుండా నోటితో చెప్పి మందులు తెచ్చుకోవడం పరహేజ్‌గారీ కాదు. శరీరం అల్లాహ్ మనకప్పగించిన అమానతు. చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) స్వయంగా ప్రోత్సహించారు.

మన పూర్వీకులు కూడా ఈ భాగపు వ్యాధులను గురించి మాట్లాడడానికి వెనుకాడలేదు. వెయ్యేళ్ల కిందట స్పెయిన్‌లోని కొర్దోవాలో నివసించిన అల్ జహ్రావీ తమ వైద్య గ్రంథం ‘అత్తస్రీఫ్’లోని ముప్పయ్యవ భాగాన్ని శస్త్రచికిత్సకు కేటాయించారు. అందులో వృషణ తిత్తిలో చేరే నీటిని గురించి, దాని చికిత్సను గురించి వివరంగా వ్రాశారు.

రోగం వచ్చింది కనుక పాపానికి శిక్షేనని ఎవరూ తీర్పు చెప్పుకోకూడదు. హజ్రత్ అయ్యూబ్ (అలై) దైవప్రవక్త. ఆయన కూడా దీర్ఘకాలం వ్యాధిగ్రస్తులయ్యారు. తౌబా ఎప్పుడైనా మంచిదే. కానీ తౌబా చేసుకున్నాం కనుక స్కానింగ్ అక్కర్లేదనడం తగదు.

ఇంట్లో చేయదగిన పనులు

యుక్తవయసు వచ్చిన కుమారునికి తండ్రి గుసుల్ విధానం నేర్పుతాడు. అదే సందర్భంలో మరో రెండు మాటలు చేర్చాలి. నెలకొకసారి వేడినీళ్ల స్నానం తరువాత, రెండు చేతుల వేళ్లతో ఒక్కో వృషణాన్ని మెల్లగా తడిమి చూసుకోవాలి. వెనుక తగిలే మెత్తని తాడు వంటిది ఎపిడిడైమిస్, అది అందరికీ ఉండేదే. కొత్తగా గట్టి గడ్డ, బరువు, వాపు కనబడితే చెప్పాలి. ఇది మొదటి మాట. హఠాత్తుగా ఒక వైపు తీవ్రమైన నొప్పి వస్తే అర్ధరాత్రి అయినా లేపాలన్నది రెండవ మాట. వృషణం మెలితిరిగితే 6 గంటల లోపు శస్త్రచికిత్స జరగాలి, ఆలస్యమైన కొద్దీ అది దక్కే అవకాశం తగ్గిపోతుంది. తండ్రి లేని పిల్లలకు మేనమామో, చిన్నాన్నో, ఉస్తాదో ఈ మాటలు చెప్పాలి.

సోదరీమణులకు ఒక విన్నపం. భర్త ఇలాంటి విషయం చెప్పినప్పుడు ఎగతాళి చేయకండి. అత్తవారింట నలుగురిలో ప్రస్తావించకండి. భార్యాభర్తలు ఒకరికొకరు వస్త్రం వంటివారని ఖుర్ఆన్ తెలియజేసింది. వస్త్రం దేహాన్ని కప్పుతుంది, చలి నుండి కాపాడుతుంది కూడా. ఆయన వెంట ఆసుపత్రికి వెళ్లండి.

వైద్యుణ్ణి ఈ ప్రశ్నలు అడగండి: గడ్డ వృషణం లోపలా, వెలుపలా? నీటిదా, గట్టిదా? రక్తపరీక్షలు చేయించారా? క్షయ కాదని చూశారా? ఆపరేషన్ సమయంలో ఫ్రోజెన్ సెక్షన్ వీలవుతుందా? వృషణాన్ని తీసివేయాలంటే రెండవ అభిప్రాయం తీసుకునే వ్యవధి ఉందా? ఆ వ్యవధి రోజుల్లో ఉండాలి, నెలల్లో కాదు. హైదరాబాదులో ఉస్మానియా, నిమ్స్, విశాఖపట్నంలో కింగ్ జార్జి, తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రులలో యూరాలజీ విభాగాలున్నాయి. పాత స్కానింగ్ చిత్రాలు, నివేదికలు అన్నీ వెంట తీసుకువెళ్లండి.

ఈ వ్యాసం చదువుతున్నవారిలో ఎవరైనా ఇలాంటి గడ్డను మనసులో పెట్టుకుని ఉంటే, ఈ వారంలోనే నమ్మకస్తుడైన ఒక్కరికి చెప్పండి. మీ నోటితో చెప్పలేకపోతే మీ మిఖ్దాద్ ఎవరో ఎంచుకోండి. అలాగే మీ వద్దకు ఎవరైనా మిత్రుడు ఇలాంటి మాటతో వస్తే, ఆ రహస్యాన్ని అమానతుగా భావించి అతని వెంట నడవండి.

అల్లాహ్ వ్యాధిగ్రస్తులందరికీ షిఫా ప్రసాదించుగాక! వైద్యుల చేతులకు శుభం కలిగించుగాక! సత్యాన్ని అడిగి తెలుసుకునే ధైర్యాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.